మీ ఇంట్లో మా జోజి

కంకిపాడు,
ఏప్రిల్ 14

తెరేసక్కకి,

నమస్కారాలు. నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా వినపడదు. వీడియో చేస్తే నా మొహం చూసి "ఆ, ఆ" అని తలూపుతావు తప్ప ఒక్క ముక్క నీ చెవిన పడదు. అందుకే నువ్వు కువైట్లో ఉన్నప్పటి పాత పద్ధతికి వచ్చాను. కాగితం మీదైతే నేను అరవక్కర్లేదు. బస్సెక్కితే గంట కూడా పట్టని ఊరికి ఉత్తరాలేమిటని మా ఆయన ఎగతాళి చేస్తున్నారు. ఈ మోకాళ్ళు ఆయనకుంటే తెలిసేది.

అమ్మ ఎలా ఉంది? కళ్ళ చుక్కలు వేస్తున్నావా? ఫిబ్రవరిలో తిరునాళ్ళకి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయి కనిపించింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మంచి కబురు. మా వాడికి, మన జోజికి, సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల పేరు శ్రీలలిత, సి.ఏ. చదివింది. తండ్రికి వన్ టౌన్లో కిరాణా హోల్‌సేల్ కొట్టు. పిల్ల చక్కగా, కలుపుగోలుగా ఉంది. పెళ్ళిచూపుల్లో మనవాడు తలెత్తితే ఒట్టు.

మాటల మధ్యలో ఆ పిల్ల తండ్రి "జోజి అంటే అర్థం ఏంటండీ?" అని అడిగారు. నేను మాట మార్చేశాను. మా ఆయన మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నారు. అక్కా, ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఏ దేశంలో ఏమంటారు, మన దాకా ఎలా వచ్చింది, కాస్త వివరంగా రాసి పంపవా? ఈసారి అడిగితే తడుముకోకుండా చెప్పాలి.

నీ
కనకం

*

గుణదల,
ఏప్రిల్ 22

కనకానికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నాకు చెవులు లేవు, ఆమెకి కళ్ళు లేవు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి. తమ్ముడికి సంబంధం వచ్చిందనగానే మంచం మీద లేచి కూర్చుని "నాన్న పెళ్ళికి నేను పట్టుచీర కట్టుకుంటా" అంది. ఎనభై దాటాక పట్టుచీర కావాలట. పెట్టె తీయించి తడిమి చూసుకునేదాకా నన్ను నిలవనివ్వలేదు.

పేరు సంగతి అడిగావు. నేను చదివింది నర్సింగు, భాషలు కాదు. కానీ కువైట్ ఆసుపత్రిలో అన్నేళ్ళు చేశానా, లోకంలో ఉన్న జోజిలందరూ నా వార్డుకే వచ్చారు. యూసుఫ్ అని పిలిస్తే సగం మంచాల మీంచి తలలు లేచేవి. నాతో డ్యూటీ చేసిన కొట్టాయం అమ్మాయి తండ్రి ఔసేప్పు. మదురై నర్సు అన్న సూసై. ఫిలిప్పీన్స్ పిల్లకి హోసే అని తమ్ముడు, ఇంట్లో పేపే అంటారట. ఇటలీ ఇంజినీరు ఒకాయన కాలు విరిగి చేరాడు. ఆయన జుసెప్పే. పెళ్ళాం మాత్రం బెప్పె, బెప్పె అని వెంటపడి తినిపించేది. రష్యావాళ్ళు ఒసిప్ అంటారని ఆయనే చెప్పాడు. ఒకరోజు టీ తాగుతూ అందరం ఇంట్లోవాళ్ళ పేర్లూ ముద్దుపేర్లూ చెప్పుకుంటుంటే ఇవన్నీ ఒకే పేరని తేలింది. మా తమ్ముడి పేరు ఇంతమంది నోళ్ళలో తిరుగుతోందా అని బాత్రూములోకి పోయి ఏడ్చాను.

పుట్టింది యూదుల భాషలో. బైబిల్లో రాహేలు అనే ఆవిడకి ఎన్నాళ్ళకీ కడుపు పండలేదు. చివరికి కొడుకు పుట్టాక, దేవుడు నాకు ఇంకొకణ్ణి చేర్చాలి అని వాడికి యోసేపు అని పెట్టుకుంది. చేర్చడం అనే మాటలోంచి వచ్చిన పేరు. అది గ్రీకువాళ్ళకి, రోమువాళ్ళకి పాకింది. పోర్చుగీసువాళ్ళు జుజె అంటారు. వాళ్ళ ఓడల్లో ఈ వైపు వచ్చి, మనవాళ్ళ నోట నలిగి జోజి అయి ఉంటుందని మా చర్చి విచారణ ఫాదర్‌గారు అన్నారు. అప్ప తగిలిస్తే జోజప్ప, అయ్య తగిలిస్తే జోజయ్య.

ఇదంతా పెళ్ళివారికి చెప్పు. కానీ కనకం, ముందు అసలు సంగతి చెప్పు. ఆ పేరు మీ ఇంటికి ఓడెక్కి రాలేదు. వానల్లో మీ ట్రాక్టరు బందరు కాలువలో పడినప్పుడు డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు తన మానాన గట్టెక్కిపోయి ఉంటే సరిపోయేది. మా జోజి మీ ఆయన్ని జుట్టు పట్టి గట్టు మీదికి లాగి, ట్రాలీ కింద కూలీ ఉన్నాడని మళ్ళీ దూకాడు. ఆ కూలీ బయటపడ్డాడు, వీడు పడలేదు. ఏడాది తిరిగాక నువ్వు అమ్మ వెంట కొండెక్కి మేరీమాతకి మొక్కుకున్నావు. మగబిడ్డ పుడితే నీ కొడుకు పేరే పెడతానమ్మా, మా ఇంట్లో వాడి పేరు రోజూ పిలుస్తాం అని అమ్మ చేతిలో చెయ్యి వేశావు. బారసాల రోజు మీ ఆయన తిరుపతిరావుగారు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో ఆ రెండక్షరాలూ రాశారు. రాస్తూ ఆయన ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తే.

చచ్చిపోయినవాడి పేరు పెట్టుకున్న బిడ్డని పేరుతో పిలవకూడదని అమ్మ వాణ్ణి నాన్నా అంటుంది, నేను తమ్ముడూ అంటాను. జుట్టు నెరిసినదాన్ని కుర్రాణ్ణి పట్టుకుని తమ్ముడూ అంటుంటే తిరునాళ్ళలో జనం వింతగా చూస్తారు. చూస్తే చూడనీ.

నీ అక్క
తెరేస

*

కంకిపాడు,
జూన్ 9

అక్కకి,

నమస్కారాలు. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. నీ ఉత్తరం ఇంట్లో అందరం చదివాం. ఎంత బాగా రాశావో. ఆయన వియ్యంకుడిగారికి ఇటలీ సంగతి అవీ చెప్పారు. వాళ్ళు చాలా ముచ్చటపడ్డారు.

నిశ్చితార్థం అయిపోయింది. హడావుడిగా పెట్టుకున్నాం, చిన్న హాలు, వాళ్ళ తరఫు జనమే ఎక్కువ. అందుకే నీకు చెప్పలేకపోయాను. పెళ్ళి శ్రావణంలో.

అమ్మ పట్టుచీర సంగతి చదివి నవ్వొచ్చింది. కానీ ఆ ఉక్కపోతలో, ఆ జనంలో, చూపు లేని మనిషిని అంతదూరం తిప్పడం ఎందుకులే అక్కా. ఆవిడకేమైనా అయితే మనకి పాపం. పెళ్ళయ్యాక పిల్లలిద్దర్నీ నేనే మీ ఇంటికి పంపిస్తాను. అమ్మ తీరిగ్గా ఆశీర్వదిస్తుంది.

మామిడికాయలు కోయించాను. పాలవ్యాను అబ్బాయితో బుట్ట పంపుతున్నాను. రసాలు ముగ్గెయ్యాలి.

కనకం

*

గుణదల,
జులై 17

కనకలక్ష్మికి,

మామిడిపళ్ళు అందాయి. అప్పుడే రాద్దామనుకుని ఆగిపోయాను. నీ ఉత్తరంలో ఏదో తేడాగా తోచింది. నాదే అనుమానపు బుద్ధి అని సర్దుకున్నాను.

నిన్న జాన్‌బాబు వచ్చాడు. మా పిన్ని కొడుకు, వన్ టౌన్లో పెళ్ళికార్డులు వేసే ప్రెస్సులో పనిచేస్తాడు, నీకు తెలుసు. "అక్కా, కంకిపాడు తిరుపతిరావుగారికి ఇద్దరు కొడుకులా?" అని అడిగాడు. ఒక్కడే కదరా అన్నాను. మరి కార్డులో చిరంజీవి సాత్విక్ అని ఉందేమిటన్నాడు. పొరపాటు పడి ఉంటావన్నాను. తండ్రి పేరు, తాత పేరు, ఊరు, అన్నీ వరసగా చెప్పాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కార్డు చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికూతురి బాబాయి ప్రెస్సులో కూర్చుని కబుర్లు చెప్పాడట. పెళ్ళికొడుక్కి చిన్నప్పుడు జోజి అని ముద్దుపేరు ఉండేదట. వాళ్ళ తాతగారికి ఎవరో ఇటలీ ఇంజినీరు స్నేహితుడట, ఆయన గుర్తుగా పిలిచేవాళ్ళట. మా నిశ్చితార్థంలో తిరుపతిరావుగారు మైకు పట్టుకుని చెప్పారండీ, భలే సరదా మనిషి, అన్నాడట.

కనకం, ఆ కాలు విరిగిన మనిషి నా పేషెంటు. ఆయనకి మంచం మీద ఒళ్ళు తుడిచింది నేను. నువ్వు అడిగావని, పెళ్ళివారి ముందు నా తమ్ముడి పేరు గొప్పగా ఉండాలని, తెలిసినవన్నీ ఏరి రాశాను. అందులోంచి మా వాణ్ణి తీసేసి, ఇటలీవాణ్ణి ఉంచుకున్నారా? నేను రాసిచ్చిన మాటలతోనే నా తమ్ముణ్ణి లేకుండా చేశారా?

మీ ఆయన ఊపిరి తీస్తున్నాడంటే ఎవడి వల్ల తీస్తున్నాడు? ఆ ఊపిరితో మైకు పట్టుకుని ఆ మాట ఎలా చెప్పగలిగాడు?

నాకు ఒళ్ళు మండిపోతోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వాళ్ళని చూశాను గాని ఇలాంటిది చూడలేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. జాన్‌బాబు చెప్పింది అబద్ధమని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను.

తెరేస

*

కంకిపాడు,
జులై 23

తెరేసక్కకి,

నీ కాళ్ళకి దణ్ణం. జాన్‌బాబు చెప్పింది నిజమే. పేరు మార్చినట్టు గెజిట్లో కూడా వేయించాం.

నా మాట కూడా విను. ఆ రోజు వాళ్ళు పేరుకి అర్థం అడిగినప్పటి నుంచి మా ఆయనకి నిద్ర లేదు. వీళ్ళేమైనా క్రైస్తవంలో కలిసినవాళ్ళా అనుకుంటారు, పదిమందిలో అంటే ఏం చెప్తాం, సంబంధం తప్పిపోతే మళ్ళీ ఇలాంటిది దొరుకుతుందా అని ఒకటే నస. వీడికి ఇదివరకు రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి పోయాయి. పేరు వల్లేనని మా బావగారు అంటారు. ఏమో, నాకు తెలియదు. నీకు ఉత్తరం రాసేనాటికి నేను ఇలా చేద్దామనుకోలేదు. నువ్వు రాసింది చదివి, ఇటలీ మాట బాగుంది, ఇలా చెప్దాం అన్నది ఆయనే. నేను కాదనలేకపోయాను. మైకు సంగతి మాత్రం నాకు ముందు తెలియదు. ఆయన చెప్తుంటే నేను తల దించుకుని కూర్చున్నాను.

వాణ్ణి అడిగాం. మీ ఇష్టం అన్నాడు. వాడి తత్వం నీకు తెలుసుగా, దేనికీ ఎదురుచెప్పడు.

అక్కా, కాగితాల మీదే సాత్విక్. నాకు వాడు ఎప్పటికీ జోజియే. అమ్మకి చెప్పొద్దు, నీకు పుణ్యముంటుంది. ఆ ప్రాణం తట్టుకోలేదు. పెళ్ళయ్యాక పిల్లల్ని తప్పకుండా పంపిస్తాను. అక్కడ మీ ఇంట్లో వాడు జోజిలాగే ఉంటాడు, వాడితో గట్టిగా చెప్పాను. నువ్వు పెళ్ళికి రా. నిన్ను చూడకపోతే నాకు తోచదు.

కనకం

*

గుణదల,
ఆగస్టు 2

కనకలక్ష్మి గారికి,

మీ ఉత్తరం, పెళ్ళికార్డు అందాయి. నేను పెళ్ళికి రాను.

యోసేపుని అన్నలు అమ్మేసి, వాడి అంగీకి మేకరక్తం పూసి తండ్రి ముందు పెట్టి, ఇది నీ కొడుకుదో కాదో చూసుకో అన్నారు. మీరు నాకు ఈ కార్డు పంపారు. బంగారు అక్షరాలు చాలా బాగున్నాయి.

మీకు కడుపు పండలేదని మీ అత్తగారు మాటలంటుంటే మా అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చేవారు. అప్పుడు మా మతం మీకు అడ్డు రాలేదు. మీరు మోసం చేశారు. ఈ మాట చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

పెళ్ళికి ఎందుకు వెళ్ళట్లేదని అమ్మ అడుగుతోంది. నాకు జ్వరమని చెప్పాను. పిల్లల్ని పంపుతానన్నారు కాబట్టి పంపండి. నా కోసం కాదు. ఆమె ఆ చీర మడతలు విప్పి మళ్ళీ పెట్టుకుంటోంది, చూడలేకపోతున్నాను. వచ్చిన గంటసేపూ వాడు జోజిగా ఉంటే చాలు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను నోరు విప్పను. ఆ తర్వాత మీ గొడవ మీది.

తెరేసమ్మ

*

కంకిపాడు,
అక్టోబరు 12

అక్కా,

పిల్లలు మీ ఇంటి నుంచి వచ్చి వారం దాటింది. అక్కడ ఏం జరిగింది? వాడు నాతో మాట్లాడటం లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. మా ఆయన అడిగితే లేచి బండేసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు మాత్రం నన్ను కూర్చోబెట్టి అడిగింది. కారులో వాడు ఏడుస్తూ అంతా చెప్పాడట. "మా నాన్నగారు అర్థం తెలుసుకుందామని అడిగారు అత్తయ్యా, అంతే. మా నాయనమ్మ ఏటా గుణదల వెళ్ళి కొబ్బరికాయ కొట్టొస్తుంది. ఆ పేరైతే మాకేం అభ్యంతరం? ఒక మనిషి ప్రాణమిచ్చాడని చెప్తే మా నాన్నగారు ఆయన ఫోటో ఇంట్లో పెట్టుకునేవారు" అంది. అక్కా, వాళ్ళు వద్దనలేదు. అంటారేమోనని మేమే చేసుకున్నాం. ఆ పిల్ల మొహం చూడలేక వంటింట్లోకి వచ్చేశాను.

అమ్మకి తెలిసిపోయిందా? ఏమంది? తిట్టిందా? తిట్టమను. వచ్చి కాళ్ళ మీద పడమంటే రేపే వస్తాను. పేరు మళ్ళీ మార్పిస్తాను, ఆయనతో తెగతెంపులైనా సరే. ఒక్క ముక్క రాయి.

కనకం

*

గుణదల,
నవంబరు 8

కనకలక్ష్మి గారికి,

అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు వచ్చేసరికి అమ్మ పొద్దున్నే స్నానం చేసి ఆ చీర కట్టుకుని కూర్చుంది. కారు చప్పుడు వినగానే గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. దిష్టి తీశాను. లోపలికి రమ్మందామని నేను పక్కకి జరిగితే, అమ్మ గడప మీద నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది. కొత్త దంపతుల్ని ఆడపడుచులు గుమ్మం దగ్గర ఆపి పేర్లు చెప్పిస్తారు కదా. ఆ ముచ్చట తనదే అంది. "నేను ఆడపడుచు వరస కాకపోయినా తెరేస అవుతుంది, దానికి వినపడదు, అందుకని నేను చెప్పిస్తా. ఎవరొచ్చారో పేర్లు చెప్పండి, అప్పుడే రానిస్తా" అంది. మొహం నిండా నవ్వు. ఇన్నేళ్ళలో అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు.

మీ అబ్బాయి ముందు చెప్పాడు. మా ఆవిడ శ్రీలలిత, నేను వచ్చాం అని. తర్వాత ఆ పిల్ల వంతు. మీరు కొడుక్కి గట్టిగా చెప్పారు గాని కోడలికి ఎవరూ ఏమీ చెప్పలేదు. సిగ్గుపడి, నవ్వి, చెప్పింది. నాకు వినపడలేదు, పెదాలు చూశాను. జో అంటే పెదాలు ముందుకి వస్తాయి. ఆ పిల్ల నోరు తెరుచుకుంది. అది జో కాదని అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ మళ్ళీ అడిగిందట, ఎవరమ్మా అని. ఆ పిల్ల ఇంకా గట్టిగా, విడమరిచి, సాత్విక్ గారు అమ్మమ్మగారూ అని చెప్పిందట. పెద్దావిడకి సరిగ్గా వినపడలేదనుకుంది, పాపం. ఆ పిల్లని నేను తప్పు పట్టను.

మీ అబ్బాయి "అమ్మమ్మా, నేనే" అన్నాడు. జోజిని అని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే అమ్మ ఎలాగో సర్దుకునేది. ఇంగ్లీషు పేరు, ఆఫీసు పేరు అని ఏదో ఒకటి నేనూ చెప్పేదాన్ని. 

అమ్మ చేతులు దించింది. లోపలికి రండి అంది. తిట్టలేదు. పాయసం పెట్టించింది, పిల్లకి రవికగుడ్డ పెట్టింది, మీ ఆరోగ్యం అడిగింది, తిరుపతిరావుగారి షుగరు అడిగింది. వెళ్ళేటప్పుడు వాడి తల మీద చెయ్యి పెట్టి "చల్లగా ఉండు బాబూ" అంది. పుట్టినప్పటి నుంచీ నాన్నా అని పిలిచిన మనిషి బాబూ అంది. వాడికి అర్థమైంది. కారెక్కేటప్పుడు వాడి భుజాలు కదలడం నేను చూశాను.

సాయంత్రం నేనే అంతా చెప్పాను. కార్డు, గెజిటు, ఇటలీ మనిషి, ఏదీ దాచలేదు. అమ్మ విని, "మనం ఇచ్చాం, వాళ్ళకి అక్కర్లేదు, అంతేగా" అని అటు తిరిగి పడుకుంది.

పేరు మళ్ళీ మార్పిస్తానన్నారు. వద్దు. మీకు భయమేసినప్పుడు తీసేసి, బాధేసినప్పుడు తగిలించుకోవడానికి అది చొక్కా కాదు, మా వాడు వదిలి వెళ్ళిన పేరు. మీరు రావద్దు కూడా. వస్తే అమ్మ కాదనదు, మీకు కాఫీ ఇమ్మంటుంది. అది నేను చూడలేను.

ఇంకొక సంగతి. మీరు ఎన్నడూ మా సమాధుల తోటకి రాలేదు కాబట్టి మీకు తెలియదు. మా తమ్ముడి సమాధి మీద ఇన్నేళ్ళూ పేరు లేదు. శిలువ ఉంది, చచ్చిపోయిన తేదీ ఉంది, పేరు చోట ఉత్త రాయి. మీ అబ్బాయి పుట్టిన ఏడు మేస్త్రీ చెక్కడానికి వస్తే అమ్మ వెనక్కి పంపేసింది. బతికున్న బిడ్డ పేరు సమాధి మీద ఉండకూడదు, వాడికి కీడు అంది. ఫాదర్‌గారు అది మూఢనమ్మకం అని ఎంత చెప్పినా వినలేదు. ఏటా నవంబరు రెండున సమాధుల పండక్కి అందరూ పేర్ల మీద పూలు పెట్టుకుంటుంటే, మేము ఉత్త రాయి మీద పెట్టుకుని వచ్చేవాళ్ళం.

ఈ ఏడు పండగ ముందు అమ్మే మేస్త్రీని పిలిపించమంది. ఆటోలో తీసుకెళ్ళాను. స్టూలు వేసి కూర్చోబెడితే మేస్త్రీ సంచిలోంచి ఉలి తీస్తున్న చప్పుడు వింటూ కూర్చుంది. మేస్త్రీ మొదలుపెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపింది. నా వైపు తిరిగి, నాకు కనపడేలా పెదాలు నిదానంగా కదుపుతూ, "ఆ పిల్లాడికి ఇప్పుడు వేరే పేరుంది కదా, ఇది చెక్కితే వాడికేం కాదుగా?" అని అడిగింది. ఏం కాదమ్మా అన్నాను. అప్పుడు చెక్కమంది.

తెరేసమ్మ